రెండో ఫ్యాన్

10 మే 2025, శనివారం
కరీంనగర్

నిన్న సాయంత్రం బెల్లంపల్లి నుంచి బిడ్డ ఇంటికి వచ్చాను. ఎలీసబెతు వాళ్ళు ఏసీ పెట్టించుకున్నారు. పెట్టించుకుంటే పెట్టించుకున్నారు కానీ దాని చప్పుడు నాకు నచ్చలేదు. బేరింగ్ పోతోందని చెప్పాను. అల్లుడు అనిల్ కుమార్ నవ్వాడు.

"మామా, అది కొత్తది. నెల కూడ కాలే."

"కొత్తదైతే పోదా? తిరిగేది ఏదైనా పోతది బిడ్డా."

డిగ్రీ చదివిన మనిషికి ఇది కూడా నేనే చెప్పాలి. రాత్రంతా ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. వాళ్ళు హాయిగా నిద్రపోయారు.

ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుబాయి మీద ఫ్యాన్ రూంలో పనిచేసిన చెవి నాది. కింద పనిచేసే నాలుగైదు వందల మందికి గాలి ఆడేది ఆ ఫ్యాన్‌తోనే. దాని పక్కన రెండో ఫ్యాన్ ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఒకటి వేడెక్కితే దాన్ని ఆపి రెండోదాన్ని నడపాలి. కొత్తగా డ్యూటీకి వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పిన మొదటి మాట ఒకటే. ముందు మనిషి, తర్వాత మిషన్. కిందికి ఫోన్ చెయ్యి, అందరూ బయటికి వచ్చారని మాట రానియ్యి, అప్పుడు స్విచ్ మీద చెయ్యి వెయ్యి. ఈ మాట నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఆఫీసర్ల కింద మంచి మంచి పనుల్లో ఉన్నారు. అల్లుడికి చెబితే మాత్రం నవ్వుతాడు.

మనవరాలు క్యాథరిన్‌కు తొమ్మిదేళ్ళు వచ్చాయి. వాళ్ళ అమ్మ ఫోన్ తెచ్చి వీడియో చూపించింది. బైపాస్ పక్కన మైదానంలో గాలితో నింపిన వాటర్ పార్క్ పెట్టారట. అంతా రబ్బరు గుడ్డ, లోపల గాలి, పైనుంచి నీళ్ళు. రేపు చర్చి అయ్యాక వెళ్ళాలట.

"తాతా, నువ్వు సుత జారాలె."

"నేను జారితే అది పగుల్తది బిడ్డా."

"పగలది. అండ్ల గాలే ఉంటది."

11 మే, ఆదివారం, మధ్యాహ్నం

పాస్టర్ గారు ఇవాళ గంటన్నర ప్రసంగించారు. క్యాథరిన్ చర్చికే ఈత బట్టలు లోపల వేసుకుని వచ్చిందని ఇంటికొచ్చాక తెలిసింది. అల్లుడు నాకో నిక్కరు కొనుక్కొచ్చాడు. నలభై ఏళ్ళ తర్వాత నిక్కరు. బెల్లంపల్లిలో ఎవరికీ తెలియకపోతే చాలు.

నాలుగింటికి బయల్దేరుతాం.

11 మే, ఆస్పత్రి

కరెంట్ పోయింది.

12 మే, సోమవారం

పాప కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి విరిగింది. పార్క్‌లో తనతో పడిన మిగతా పిల్లలకు చిన్న దెబ్బలేనట. చెయ్యి గురించి ఎవరికీ బాధ లేదు. ఊపిరి ఆడకుండా ఎంతసేపు ఉందని డాక్టర్ అడిగింది. ఎవరికీ తెలియదు. ఒకరు నిమిషం అన్నారు, ఒకరు మూడు నిమిషాలు అన్నారు.

పాప మంచం తల వైపు గోడకు చిన్న సీసా ఉంది. ఆక్సిజన్ దానిలో నీళ్ళ గుండా వస్తుంది. నీళ్ళు బుడబుడమంటున్నంతసేపు గాలి వస్తున్నట్టు. నర్సు లోపలికి రానిచ్చిన పది నిమిషాలూ ఆ సీసానే చూశాను. పాప ముఖం చూడలేదు.

కరెంట్ పోయిందని పోలీసులకు చెప్పాను. అల్లుడు అక్కడే ఉన్నాడు.

"మామా, కరెంట్ ఎక్కడ పోయింది? పిల్లను ఎత్తుకొని ఉరుకుతుంటే పాటలు మోగుతనే ఉన్నయి. లైట్లు వెలుగుతనే ఉన్నయి."

ముసలాయన కంగారులో ఉన్నాడని వాళ్ళే అనుకున్నారు. పార్క్ యజమాని ఫోన్ బంద్ పెట్టుకున్నాడట. పిల్లలు జారే గాలి కోట దగ్గర పనిచేసే షాహిద్‌ను స్టేషన్‌కు తీసుకుపోయారు. డ్యూటీ వదిలిపెట్టి నమాజుకు పోయాడని కేసు. ఫిర్యాదు మీద సంతకం అనిల్ కుమార్‌ది.

13 మే, మంగళవారం

రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

ఆ గాలి కోట రెండంతస్తుల ఎత్తు ఉంది. వెనకవైపు మెట్లు, ముందువైపు జారుడు, కింద నీళ్ళ తొట్టి. తొట్టి గోడలు కూడా గాలివే. మెట్ల పక్కన నేల మీద మోటారు ఫ్యాన్, దాని మూతికి లుంగీ లాంటి గుడ్డ గొట్టం. ఆ గొట్టంలోంచే గాలి. ఫ్యాన్ తిరిగినంతసేపే కోట నిలబడుతుంది.

క్యాథరిన్ జారుతుంటే ఎలీసబెతు, అల్లుడు ముందు నిలబడి ఫోటోలు తీశారు. నేను వెనక్కి వెళ్ళాను. నేను ఇంకెక్కడికి వెళ్తాను?

షాహిద్ అక్కడ స్టూలు మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. సుల్తానాబాద్ మనిషి, ఇదివరకు రైస్ మిల్లులో పనిచేశాడట. నేను బాయి ఫ్యాన్ మనిషినని చెబితే లేచి స్టూలు నాకు ఇచ్చాడు. అరగంట మాట్లాడుకున్నాం. చాలా రోజులకు నా మాట వినేవాడు దొరికాడు. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది.

నీళ్ళ పైపు ఊడిందని అతను అటు పోయినప్పుడు క్యాథరిన్ తడిబట్టలతో నా దగ్గరికి వచ్చింది. తిరుగుతున్న ఫ్యాన్ పక్కన ఇంకో ఫ్యాన్ ఉంది. అచ్చం అలాంటిదే.

"సూడు బిడ్డా, ఈడ సుత రెండు ఫ్యాన్లు. ఒకటి పనిచేస్తది, ఒకటి పండుకుంటది. మొదటిది అలిసిపోతే రెండోది లేస్తది."

"నీ బాయిల లెక్కనే?"

"నా బాయిల లెక్కనే."

నవ్వుకుంటూ మళ్ళీ మెట్లెక్కింది.

ఐదింటి లోపు అజాన్ వినబడింది. షాహిద్ అటూ ఇటూ చూశాడు. అతని బదులు చూసుకునే మనిషి రాలేదు.

"పోయి రా తమ్మీ, నేనున్న గద. ముప్పై ఏండ్లు ఫ్యాన్ పక్కన్నే కూసున్న."

"పదే నిమిషాలు చాచా. రోడ్డవతలనే మసీదు. జర చూస్తుండు."

పొమ్మన్నది నేనే. అతను అడగలేదు.

అతను పోయిన రెండు మూడు నిమిషాలకు మోటారు వాసన వచ్చింది. కాలుతున్న వాసన. చప్పుడు మారింది. పైన చెయ్యి పెడితే చురుక్కుమంది. తర్వాత నా చెయ్యి ఏం చేసిందో అది నేను చెప్పి చేయించింది కాదు. మొదటిదాని స్విచ్ ఆపింది. రెండోదాని స్విచ్ వేసింది.

రెండోది తిరగలేదు.

మళ్ళీ వేశాను. తిరగలేదు. కిందికి చూస్తే దాని వైరు చుట్టచుట్టి దారంతో కట్టి ఉంది. అది ఎప్పుడో చెడిపోయిన ఫ్యాన్. విడి సామాన్లు తీసుకోవడానికి పక్కన పడేసి ఉంచారు. మొదటిదాని స్విచ్ మళ్ళీ వేశాను. అది మూలిగింది కానీ తిరగలేదు.

గుడ్డ గొట్టం పడిపోయింది. తలెత్తాను. కోట పైభాగం మెల్లగా వంగుతోంది. ముందు అరుపులు లేవు, గాలి పోతున్న చప్పుడే. పైన ఆరేడుగురు పిల్లలు. క్యాథరిన్ అంచున ఉంది. తర్వాత అంతా మడతపడి తొట్టిలోకి జారింది. తడి గుడ్డ మీద గుడ్డ, దాని కింద నీళ్ళు, దాని కింద నా మనవరాలు. అల్లుడు దూకాడు. గుడ్డను పళ్ళతో కూడా లాగాడు. నేను రెండో ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాను.

మోటారు ఎలాగూ కాలిపోయేది. నేను ఆపకపోయినా ఇంకో పది నిమిషాల్లో అదే ఆగేది.

అదే ఆగేది.

14 మే, బుధవారం

పాప కళ్ళు తెరిచింది! తెల్లవారి ఆరున్నరకు. "మమ్మీ, నా చెయ్యి ఎందుకు గింత పెద్దగుంది" అని అడిగింది. సిమెంటు కట్టు చూసి. ఎలీసబెతు నేల మీద కూర్చుని ఏడ్చింది. అల్లుడు బయటికి పోయి వరండా గోడకు తల ఆనించి నిలబడ్డాడు. దేవా, నీకు స్తోత్రం. నేను చచ్చినా ఫర్వాలేదనుకున్నాను, ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను.

మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. ఎలీసబెతు పక్కనే బత్తాయి ఒలుస్తోంది.

"తాతా, రెండో ఫ్యాన్ ఎందుకు తిరగలే?"

నేను ఎలీసబెతు చేతిలో బత్తాయి వైపు చూశాను.

"ఏ ఫ్యాన్ బిడ్డా?" అని ఎలీసబెతు అడిగింది.

"తాత మొదటిది బంద్ జేసి రెండోది ఏసిండు గద. నేను పైనుంచి జూసిన. అది లేవలే."

ఎలీసబెతు నా వైపు చూసింది. అనుమానంతో కాదు. ఏమంటోంది ఇది అన్నట్టు.

"కలవరిస్తుంది బిడ్డా" అన్నాను. "మందుల మత్తు."

ఎలీసబెతు పాప తల నిమిరి, "కలొచ్చింది బిడ్డా, పండుకో" అంది. పాప నన్ను చాలాసేపు చూసి కళ్ళు మూసుకుంది.

15 మే

కలవరిస్తోందని నేనే అన్నాను.

16 మే, శుక్రవారం

షాహిద్ భార్య ఆస్పత్రికి వచ్చింది. పేరు హుస్నా. చేతిలో ఖర్జూరాల పొట్లం. వార్డు బయట అల్లుడి ముందు నిలబడి, పాపకు ఎట్లుందని అడిగింది. అల్లుడు వార్డు తలుపు దగ్గరికి వేశాడు. ఆమె పొట్లం బెంచీ మీద పెట్టింది.

"అన్నా, పొద్దున తీస్కపోతరు, చీకటి పడ్డంక ఇడుస్తరు. సోమారం కోర్టుల పెడ్తమంటుండ్రు. అన్నం తింటలేడు. నమాజ్‌కు సుత లేస్తలేడు. నేను ఆడికి పోకుంటే పిల్లలు పడకపోవుదురు అంటడు."

"నిజమే గద అన్నది" అన్నాడు అల్లుడు.

తల దించుకుంది. తర్వాత నన్ను చూసి, పోల్చుకుంది. వయసు, బట్టతల, ఏవో గుర్తులు షాహిద్ చెప్పి ఉంటాడు.

"ఫ్యాన్ చాచా మీరేనా? మీ గురించి మస్తు చెప్పిండు. గా చాచా ఆడ ఉన్నడు గన్క ఏదో జేసే ఉంటడు, లేకుంటే ఎంతమంది పిల్లలు పోవుదురో అంటడు. మీరొక మాట జెప్పుండ్రి చాచా. మోటారు దానంతటదే కాలిందని. పోలీసోళ్ళు మీ మాట ఇంటరు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మా మామను పరేషాన్ చెయ్యకమ్మా" అన్నాడు. మంచి అల్లుడు. ఇంతవరకు ఇంత మంచివాడని నాకు తెలియదు.

ఖర్జూరాలు సాయంత్రం దాకా బెంచీ మీదే ఉన్నాయి. ఆయా తీసుకుపోయింది.

మోటారు దానంతటదే కాలింది. ఆ మాటలో అబద్ధం లేదు కదా. కాలుతూనే ఉంది కదా. నేను దగ్గరికి వెళ్ళేసరికే కాలుతోంది.

17 మే

పాపను ఇంటికి పంపించారు. రేపు సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన. చాపలు తేవాలి. అరటిపండ్లు.

ఏసీ చప్పుడు మారలేదు. ఎవరికీ చెప్పలేదు.

18 మే, ఆదివారం

ఇరవై మంది దాకా వచ్చారు. రెండు పాటలు పాడాం. పాస్టర్ గారు ప్రార్థన చేశాక పాపను ముందుకు పిలిచారు. చెయ్యి మెడకు వేలాడేసుకుని నిలబడింది.

"ఏమైంది బిడ్డా, జెప్పు. దేవుడు నిన్నెట్ల కాపాడిండు?"

"కరెంట్ పోయింది" అంది. నా వైపు చూడకుండా, "తాత ఫ్యాన్ బంద్ జేసినట్టు నాకు కలొచ్చింది. అది ఉత్త కల" అంది.

అందరూ నవ్వారు. చిన్నపిల్ల మాటలని ముద్దుగా నవ్వారు. పాప నవ్వలేదు. తన కళ్ళతో చూసినదాన్ని చూడలేదని నేర్చుకుంది. నేర్పింది నేను.

పాస్టర్ గారు, "ఇప్పుడు తాతగారు సాక్ష్యం జెప్తరు" అన్నారు. మా సంఘంలో ఇది మామూలే. ఏదైనా మేలు జరిగితే పెద్దవాళ్ళు లేచి దేవుడు చేసింది చెప్పాలి. ఎన్నోసార్లు చెప్పాను నేను. మోకాళ్ళ నొప్పి తగ్గితే చెప్పాను. అల్లుడికి ఉద్యోగం వస్తే చెప్పాను. రెండు మాటలు చెప్పి, ఆమెన్ అని కూర్చోవాలి.

లేచాను. ఎలీసబెతు మంచినీళ్ళు అందించింది. తాగాను.

"పాపకు కల రాలే" అన్నాను. "పాప చూసిందే నిజం. ఫ్యాన్ బంద్ జేసింది నేను. షాహిద్‌ను నమాజ్‌కు పొమ్మన్నది సుత నేనే."

తర్వాత ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. రెండో ఫ్యాన్ గురించి, వైరు గురించి, వాసన గురించి అంతా చెప్పినట్టున్నాను. ఎవరో ఆమెన్ అనబోయి ఆగిపోయారు. పాస్టర్ గారు బైబిలు మూశారు. అల్లుడు నన్ను చూడలేదు, తన చేతుల్ని చూసుకున్నాడు. ఆ గుడ్డను లాగి లాగి గోళ్ళు లేచిపోయిన చేతులు.

అందరూ పోయాక ఎలీసబెతు నా ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"బాపూ, ఫ్యాన్ సంగతి నేను అడుగుతలేను. చెయ్యి తప్పింది అనుకుంట. పాప నిజం జెప్తుంటే నా ముంగటనే కలవరిస్తుందంటివి. నేను సుత నీ మాట పట్టుకొని నా బిడ్డను అబద్ధమాడుతున్నట్టు జేసిన. నాలుగు దినాలు అది పండుకునేటప్పుడు, మమ్మీ నాకు తలకాయ కరాబైందా అని అడుగుతుండె. ఎరుకేనా నీకు?"

ఎరుక లేదు.

19 మే, సోమవారం

పొద్దున ఏడింటికి బట్టలు వేసుకుని బయటికి వస్తే అల్లుడు బండి మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కాను. స్టేషన్ ముందు దింపి, "ఫిర్యాదు నేను మార్పిస్త" అని మాత్రం అన్నాడు. నాతో పాటు లోపలికి వచ్చాడు.

ఎస్సై చిన్నవాడు. నేను చెప్పింది విని నమ్మలేదు. "షాహిద్ వాళ్ళు వచ్చి ఏమన్న బెదిరించిండ్రా తాతా?" అని అడిగాడు. లేదన్నాను. కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఎలా రాయాలో తోచలేదు. చివరికి ఫ్యాన్ రూం పుస్తకంలో రాసినట్టే రాశాను. ఆపిన సమయం. ఆపిన కారణం. ఆపినవాడి పేరు. మైసయ్య అని సంతకం పెట్టాను. ఇక నా మీద ఏం కేసు పెట్టాలో వాళ్ళు చూస్తారట, పిలిచినప్పుడు రావాలట. షాహిద్‌ను ఇవాళ కోర్టుకు తీసుకుపోరట.

అతను వరండాలో బెంచీ మీద ఉన్నాడు. వారంలోనే మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ రోజు స్టూలు ఇవ్వడానికి లేచినట్టే.

"చాచా, పాపకు ఎట్లుంది?"

"ఇంటికొచ్చింది. మంచిగున్నది."

"అల్లా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

పక్కన కూర్చుని అతనికి చెప్పాను. నువ్వు నమాజుకు పోవడం వల్ల కాదు, నేను ఆపడం వల్ల అని చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బెంచీ మీద వేలితో ఏదో గీశాడు. మోటార్ల మనిషి కదా, ఒక్కొక్కటే లెక్క వేసుకుంటున్నట్టు ఉంది.

"రెండోది కరాబున్నదని మీకు జెప్పకుండ పోయిన. గది నా తప్పే" అన్నాడు.

"కాదు తమ్మీ."

"మోటారు వాసనొచ్చింది. చెయ్యి పెడ్తె కాలింది. బంద్ జెయ్యాలె, గది సమజైతది." కోపం లేదు ఆ ముఖంలో. తెలియక అడుగుతున్నాడు. "గని చాచా, ముందుగాల పిల్లల్ని కిందికి దింపాలె గద?"

లేచి బయటికి నడిచాను.

ఇంటికి వచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. పదో తారీఖున ఆ మాట నా చేత్తోనే రాసుకున్నాను. ముందు మనిషి, తర్వాత మిషన్. తర్వాత ఇన్ని పేజీల్లో మోటారు గురించి రాశాను, వాసన గురించి రాశాను, వైరు గురించి రాశాను, అది ఎలాగూ ఆగేదని రెండుసార్లు రాశాను. ఈ మాట ఒక్కచోట కూడా రాయలేదు.

ఇంకొకటి కూడా రాయలేదు. వాసన వచ్చి నేను లేచినప్పుడు క్యాథరిన్ పైన అంచు మీద నిలబడి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ తర్వాతే స్విచ్ మీద చెయ్యి వేశాను. దిగు బిడ్డా అని ఒక్క కేక వేస్తే దిగేది. అది నా వైపే చూస్తోంది.